రాణిగారు కట్టిన రోగి వేషం

మెడికల్ కాలేజీ రెండో అంతస్తులో, కారిడార్ చివర, ఒక చిన్న గది ఉంది. ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక పక్కంతా అద్దాల గోడ. అద్దం అవతల కూర్చున్నవాళ్ళకి గది కనిపిస్తుంది. గదిలో కూర్చున్నవాళ్ళకి తమ మొహాలే కనిపిస్తాయి. ప్రతి మంగళవారం ఆ గదిలో రాణిగారు జబ్బు పడేది.

జబ్బంటే ఉత్తుత్తి జబ్బు. క్యాన్సరు వైద్యం చేసే డాక్టర్లకి ఖర్చు గురించి రోగులతో మాట్లాడడం చేతకావడం లేదని పెద్దలకి ఆలస్యంగా తెలిసింది. తెలిశాక ఒక ట్రైనింగ్ పెట్టారు. డాక్టర్లు ఒక్కొక్కరే ఆ గదిలోకి వస్తారు. ఎదురుగా రోగి వేషంలో ఒక మనిషి కూర్చుని ఉంటుంది. ఆ మనిషితో ఈ వైద్యానికి ఇంతవుతుంది, మీకు వీలవుతుందా, కాకపోతే ఏం చేద్దాం అని మాట్లాడాలి. అంతే పని. వినడానికి పిల్లలాటలా ఉంటుంది గాని వచ్చిన డాక్టర్లకి మాత్రం తల ప్రాణం తోకకొచ్చేది.

ఎంతటివాళ్ళండీ వాళ్ళు! చావు గురించి తడబడకుండా చెప్పగలరు. రక్తం ఎక్కడ చెడిందో బొమ్మ గీసి చూపించగలరు. తీరా డబ్బు మాట దగ్గరికొచ్చేసరికి నీళ్ళు నమిలేవారు. ఒకాయన మాట్లాడినంతసేపూ బల్ల అంచుతోనే మాట్లాడాడు. ఒకావిడ ధర చెప్పేముందు "ఏమీ అనుకోకండి, ఏమీ అనుకోకండి" అని ప్రాణం తీసింది, చెప్పాక రోగి ఏమనుకుందో అడగడం మర్చిపోయింది. తెల్లజుట్టు పెద్దాయన ఒకడు "అవన్నీ కింద కౌంటర్లో చెబుతారమ్మా" అని చల్లగా జారుకున్నాడు. ఆయన్ని బతిమాలి మళ్ళీ గదిలోకి పంపించాల్సి వచ్చింది.

రాణిగారంటే నిజం రాణి కాదు. ఒకప్పుడు ఊరూరా తిరిగే నాటకాల కంపెనీలో రాణి వేషాలు కట్టిన మనిషి. కంపెనీ మూతబడి ఎన్నో ఏళ్ళయినా పేరు మాత్రం వదల్లేదు. పేరు చివర "గారు" ఉంది కదా అని ప్రతి మాటకీ మర్యాద తగిలించడం మన వల్ల కాదు. ఆవిడ వింటే మూతి ముడుస్తుంది గాని, ఆవిడ వినదు లెండి.

మొదటి రోజు రోగిలా నడిచి రమ్మంటే ఆవిడ పట్టాభిషేకానికి వెళ్తున్నట్టు నడిచింది. ట్రైనింగ్ నడిపే మేడమ్ చిన్న వయసుది, రాణిగారికి పిల్లలుంటే ఆ ఈడు ఉండేవాళ్ళు. ఆ పిల్ల తల పట్టుకుంది.

"రాణిగారూ, ఆ మెడ కాస్త దించండి. భుజాలు వదిలేయండి. మీరు డాక్టరుని చూడడానికి వచ్చారు, దర్శనం ఇవ్వడానికి కాదు."

"దించితే కిరీటం పడిపోతుందమ్మాయ్," అంది రాణిగారు. అద్దం అవతలివాళ్ళంతా నవ్వారు. తరవాత మెడ దించింది. కళ్ళజోడు తీసేసింది, జుట్టు కొంచెం రేపుకుంది, వెలిసిపోయిన పాత శాలువా ఒకటి ఎక్కణ్ణుంచో తెచ్చి కప్పుకుంది. ఇక ఆ మనిషిని చూసి రాణి అన్నవాళ్ళు లేరు.

వేషం ఇదీ. కుట్టుమిషను మీద బతికిన ముసలామె. రక్తంలో క్యాన్సరు. రోజుకో మాత్ర వేసుకోవాలి, ఆ మాత్ర ఖరీదైనది. ఇంట్లో కొడుకు, కోడలు, ఇద్దరు మనవరాళ్ళు. ఇవీ, ఖర్చు మాట వచ్చినప్పుడు చెప్పాల్సిన ఒక్క జవాబూ, మేడమ్ రాసిచ్చింది ఇంతే. మిగతాదంతా రాణిగారు కల్పించుకుంది. కొడుకు లారీ నడుపుతాడు, ఇంటికొస్తే సగం రోజు నిద్రే. కోడలికి నోరు కాస్త ఎక్కువ, మనసు మాత్రం వెన్న. చిన్న మనవరాలు ఎన్నిసార్లు చెప్పినా కుడికాలి చెప్పు ఎడంకాలికి వేసుకుంటుంది. డాక్టర్లు అడిగినప్పుడల్లా ఈ కబుర్లన్నీ చెప్పేది. కొందరు డాక్టర్లు ఖర్చు సంగతి మర్చిపోయి ఆ చిన్నపిల్ల గురించి వింటూ కూర్చునేవారు, అద్దం మీద మేడమ్ టకటకా కొట్టేది.

రాణిగారి నిజం ఇల్లంటే సైకిలు షాపు పైన ఒక గది. మంగళవారం సాయంత్రాలు తాళం తీస్తూంటే, ఇంత ఆలస్యమేంటని కోడలు ఇప్పుడు అందుకుంటుంది చూడు అనిపించేది. తలుపు తీస్తే పొద్దున తాగి వదిలేసిన టీ గ్లాసు, మడత పెట్టని దుప్పటి. ఆవిడ గ్లాసు కడిగి బోర్లించి, దుప్పటి మడత పెట్టి, కిటికీ దగ్గర కూర్చునేది.

భర్త అదే కంపెనీలో ప్రాంప్టరు. తెర పక్కన చీకట్లో నిలబడి, మాట మర్చిపోయినవాళ్ళకి మెల్లగా అందించేవాడు. ఇంట్లోనూ అదే అలవాటు. ఆవిడ మాట వెతుక్కుంటూ ఒక్క క్షణం ఆగితే చాలు, పొయ్యి దగ్గర్నుంచే ఆ మాట అందించేవాడు. ఆ అలవాటుతో ఆవిడకి ఎంత చిరాకొచ్చేదో! ఆయన పోయాక వాక్యం మధ్యలో ఆగడం ఆవిడే మానేసింది. ఆగితే ఆ ఖాళీలో ఏమీ వినపడేది కాదు. తరవాత తరవాత మాట్లాడడమే తగ్గిపోయింది. బస్సులో దిగాల్సిన స్టాపు పేరు, కిరాణా కొట్టులో కావలసిన వస్తువు పేరు, సైకిలు షాపతను పలకరిస్తే "బాగున్నాను", ఇంతటితో రోజు గడిచేది.

అందుకే మంగళవారమంటే ఆవిడకి ప్రాణం. ఆ రోజు ఎవరో ఒకరు ఎదురుగా కూర్చుని, కళ్ళలోకి చూసి, "మీకెలా ఉందమ్మా?" అని అడుగుతారు. నేర్పితే అడిగే ప్రశ్నే, కాదనడం లేదు. నేర్పిన ప్రశ్న అయినా మన మొహం చూసి అడిగితే బాగానే ఉంటుంది.

ఇక అసలు సంగతి. ఆ జబ్బు ఉత్తుత్తిది కాదు. రాణిగారికి నిజంగానే ఉంది, అదే జబ్బు, అదే మాత్ర. పనిలోకి తీసుకునేటప్పుడే మేడమ్ అడిగింది.

"మీకు గాని మీ ఇంట్లోవాళ్ళకి గాని ఈ జబ్బు ఉంటే చెప్పేయండి. అలాంటివాళ్ళని మేం తీసుకోం. రోజంతా అదే మాట్లాడుతుంటే మనసు తట్టుకోదు."

"నాకా? గుండ్రాయిలా ఉన్నాను చూడు," అని రాణిగారు సభ దద్దరిల్లేలా నవ్వింది. ఆ నవ్వుకి మేడమ్ కూడా నవ్వేసింది.

మంగళవారాల జీతం మాత్రలకి సగం వరకే వచ్చేది. అందుకని రోజు విడిచి రోజు వేసుకునేది. ఇలా చేస్తే ఏమవుతుందో ఆవిడకి తెలియక కాదు. మాత్ర మానొద్దని సీసా మీద రాసే ఉంది, మంగళవారం ప్రతి డాక్టరూ అదే చెబుతాడు, ఆవిడ వేషంలో కూర్చుని తలూపుతుంది. తెలిసీ చేస్తోంది. చెబితే ఆ గది పోతుంది, చెప్పకపోతే ఒంట్లో రక్తం పోతుంది. ఆవిడ చెప్పకుండా నెట్టుకొస్తోంది.

మరి తనని చూసే డాక్టరుకైనా చెప్పొచ్చు కదా అంటారు. దానికో కథ ఉంది. నాటకాల కంపెనీలో ఒక పద్ధతి ఉండేది. ఎవరికైనా డబ్బు ఇబ్బందిగా ఉందని మేనేజరు పసిగట్టాడా, మర్నాడే వేషం తగ్గిపోయేది. రాణి కాస్తా చెలికత్తె అయ్యేది, చెలికత్తె కాస్తా తెర లాగే మనిషి అయ్యేది. అక్కర ఉన్నవాళ్ళు ఎంతిచ్చినా చేస్తారని వాడి లెక్క. అందుకని కంపెనీలో ఎంత గడవకపోయినా బట్టలు ఇస్త్రీ చేసుకుని, మెడ నిలబెట్టి తిరిగేవాళ్ళు. రాణిగారికి ఆ భయం రక్తంలో ఇంకిపోయింది. లేనిదాన్నని తెలిస్తే ఆస్పత్రిలో కూడా పెద్ద వైద్యం తీసేసి చిన్న వైద్యం ఇస్తారని ఆవిడ గట్టి నమ్మకం.

అందుకని ఊరికి అటు చివరున్న ఆస్పత్రికి ఆవిడ రాణిలా వెళ్ళేది. గంజి పెట్టిన బట్టలు, తెల్లటి మంచి శాలువా, బంగారు రంగు ఫ్రేము కళ్ళజోడు. డాక్టరు కుర్రవాడు, మంచివాడే, మాట మాత్రం రైలుబండి.

"మాత్రలు రోజూ వేసుకుంటున్నారు కదా?"

"ఆహా! గడియారం చూసుకుని మరీ."

"గుడ్. వాంతులు గింతులు ఏమీ లేవు కదా?"

"మనకా!"

"గుడ్, గుడ్. మూడు నెలలకి మళ్ళీ రండమ్మా."

అంతే. ఆవిడ రాణిలా లేచి వచ్చేసేది. బయటికొచ్చి బస్సు ఎక్కాకే కళ్ళజోడు తీసి సంచీలో పెట్టుకునేది.

ఒక మంగళవారం ఆ గది తలుపు తీసుకుని లోపలికి వచ్చింది ఆ కుర్ర డాక్టరే.

రాణిగారు శాలువా ఇంకాస్త ముందుకి లాక్కుంది. లేచి పారిపోదామంటే వీల్లేదు. అద్దం మీద మేడమ్ కొట్టేదాకా వేషం వదలకూడదని అక్కడి నియమం. తేలు కుట్టిన దొంగలా తల దించుకుని కూర్చుంది. డాక్టరు నమస్కారం పెట్టాడు, కుర్చీ లాక్కున్నాడు, మొహంలోకి చూశాడు. పోల్చుకోలేదు. పోల్చుకోడు కూడా. అతను ఎప్పుడూ చూసింది బంగారు ఫ్రేమునీ నిలువు మెడనీ, ఇక్కడున్నది వంగిన వీపు, రేగిన జుట్టు.

మొదట అందరిలాగే తడబడ్డాడు. మందు పేరు చెప్పాడు, పరీక్షల గురించి చెప్పాడు, గొంతు సవరించుకున్నాడు. తరవాత చేతిలో పెన్ను బల్ల మీద పెట్టేశాడు. కుర్చీ కొంచెం ముందుకి జరుపుకున్నాడు.

"అమ్మా, ఈ మందు ఖరీదైనది. మీకు భారంగా ఉందా? ఉంటే ఉందని చెప్పండి. చెప్పినంత మాత్రాన మీ వైద్యం ఏమీ తగ్గదు. దారి వెతకడం నా పని."

ఏడాదికి పైగా ఈ మాట ఈ మనిషి నోటినుంచి వినాలని రాణిగారు ఎదురుచూసింది. ఎదురుచూస్తున్నానని కూడా తనకి తెలియదు, ఇప్పుడు వింటే తెలిసింది. తీరా ఆ మాట వేరే ఆడమనిషికి వచ్చింది. లేని మనిషికి వచ్చింది. రాణిగారికి ఆ కుట్టుమిషను ముసలామె మీద ఒళ్ళు మండింది. దానికి కొడుకున్నాడు, కోడలుంది, చెప్పులు తిరగేసుకునే మనవరాలుంది, ఇప్పుడు మంచి డాక్టరు కూడా దొరికాడు.

ఇక్కడ చెప్పాల్సిన మాట మేడమ్ రాసిచ్చే ఉంచింది. అప్పు చేసి కొంటున్నాం బాబూ, అనాలి. రాణిగారు నోరు తెరిచింది.

"రోజు విడిచి రోజు వేసుకుంటున్నాను బాబూ."

డాక్టరు ఇంకాస్త ముందుకి వంగాడు. "ఎప్పటినుంచి?"

"చాన్నాళ్ళయింది."

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"మీరు అడగలేదు కదా బాబూ. అడిగినా మీరే జవాబు చెప్పేసి అడిగేవారు."

అతను తలూపాడు. తరవాత మెల్లగా, "తప్పు నాదేనమ్మా. ఇవాళ చెప్పారు, అదే చాలు. ఇద్దరం కలిసి ఏదో చేద్దాం," అన్నాడు. అద్దం మీద టకటకా చప్పుడైంది.

మేడమ్ పరిగెత్తుకుంటూ లోపలికొచ్చింది. "అద్భుతం! డాక్టరు గారూ, ఇన్నాళ్ళలో ఇంత బాగా ఎవరూ చేయలేదు. రాణిగారూ, ఆ రోజు విడిచి రోజు మాట నేను రాయలేదే! ఎక్కణ్ణుంచి పట్టారు?"

"నోటికొచ్చేసిందమ్మాయ్," అంది రాణిగారు.

"ఉంచేద్దాం. ఇక మీదట అందరికీ అదే చెప్పండి."

డాక్టరు రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "ఎంత నిజంగా చేశారండీ! నాకు చెమటలు పట్టాయి," అని ఒక నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం రాణిగారు బస్సు దిగాక ఇంటికి వెంటనే వెళ్ళలేదు. సైకిలు షాపు ముందు నిలబడి, ఒక చక్రానికి గాలి కొడుతుంటే చూసింది. ఏం కావాలండీ అని షాపతను అడిగాడు. ఏమీ లేదంది. లోపల మాత్రం చిన్న ఆశ పుట్టింది. అతను నేర్చుకున్నాడు. ఈసారి వెళ్ళినప్పుడు తననీ అలాగే అడుగుతాడు. పెన్ను పక్కన పెట్టి, కుర్చీ ముందుకి జరుపుకుని అడిగితే, చెప్పేస్తుంది. అడగడమే తరువాయి.

ఆస్పత్రికి వెళ్ళే రోజు వచ్చింది. ఆశ ఉన్నా భయం భయమే, అందుకని ఎప్పటికంటే ఎక్కువ గంజి పెట్టింది. హాల్లో కుర్చీలన్నీ నిండిపోయి ఉన్నాయి. ప్రతి రోగి పక్కనా ఒక మనిషి. కొందరి పక్కన ఇద్దరు ముగ్గురు. నీళ్ళ సీసా పట్టుకునేవాళ్ళు, కాగితాలు పట్టుకునేవాళ్ళు, ఊరికే చేయి పట్టుకునేవాళ్ళు. రాణిగారు తన పక్క కుర్చీలో సంచీ పెట్టుకుంది. ఎవరో వచ్చి, "ఇక్కడెవరైనా ఉన్నారా అండీ?" అని అడిగితే, ఉన్నారని చెప్పి పంపేసింది.

లోపలికి వెళ్ళేసరికి డాక్టరు రక్తపరీక్ష కాగితం చూస్తున్నాడు. రైలుబండి ఆగిపోయి ఉంది.

"కూర్చోండమ్మా. రిపోర్టు బాగా రాలేదు. జబ్బు మళ్ళీ పెరుగుతోంది."

"ఓహో," అంది రాణిగారు. యుద్ధంలో ఓడిపోయామని వార్తాహరుడు చెప్పినప్పుడు అనే ఓహో అది. ఇంకోటి రాలేదు.

"మీరు రోజూ మానకుండా వేసుకుంటున్నారు. అయినా పెరిగిందంటే ఈ మందుకి మీ జబ్బు లొంగడం లేదన్నమాట. ఇంకా గట్టి మందుకి వెళ్ళాలి. అది గుండెకి ఇబ్బంది చేయొచ్చు, కాబట్టి జాగ్రత్తగా చూసుకుంటూ ఇవ్వాలి." అతను రాయడం మొదలుపెట్టాడు. రాస్తూ రాస్తూ ఆగాడు. ఏదో గుర్తొచ్చినట్టు తలెత్తాడు. రాణిగారు అతని చేతిలో పెన్ను కేసి చూసింది.

"ఈ మధ్య మాకో ట్రైనింగ్ పెట్టారమ్మా. ఖర్చు గురించి అందరితోనూ మాట్లాడమన్నారు. మీకా ఇబ్బంది లేదనుకోండి," అని ఆ తెల్ల శాలువా కేసి చూసి నవ్వాడు. "అయినా నా ధర్మంగా చెబుతున్నా. ఈ కొత్త మందు పాతదానికి నాలుగైదు రెట్లు ఉంటుంది."

"దానికేముంది," అన్నాయి రాణిగారి పెదవులు. ఆవిడని అడగకుండానే అనేశాయి.

"గుడ్," అన్నాడు డాక్టరు. మళ్ళీ రాసుకోసాగాడు.

కాగితం చేతికొచ్చింది. ఆవిడ లేచింది, మెడ నిలబెట్టే లేచింది, తలుపు దాకా నడిచింది. తలుపు పిడి మీద చేయి పెట్టి ఆగిపోయింది. తన అబద్ధం మీదే అతను లెక్క కట్టాడు. ఆ లెక్కతో రాసిన మందే ఇప్పుడు తన చేతిలో ఉంది. రోజూ వేసుకుంటున్నానని తను అన్నందుకు, పని చేసే మందుని పని చేయని మందుల్లో పడేశాడు. ఈ కొత్తది కొనే స్తోమత లేదు. కొన్నా రోజు విడిచి రోజే మింగుతుంది. అప్పుడు ఇదీ పని చేయలేదంటారు. ఆ తరవాత ఇంక ఇవ్వడానికి ఏముంటుంది?

చెప్పాలి. ఏమని మొదలుపెట్టాలి? ఆవిడ అలా తలుపు దగ్గర నిలబడి పక్కనుంచి మాట అందుతుందేమోనని నిజంగానే చెవి ఒగ్గింది. అలవాటు చావలేదు. ఎవరూ ఏమీ అందించలేదు. పోయిన భర్త మీద ఎప్పుడూ రానంత కోపం వచ్చింది ఆవిడకి. అక్కర్లేని రోజుల్లో పొయ్యి దగ్గర్నుంచి కూడా అందించేవాడు. ఇవాళ లేడు.

వెనక్కి వచ్చి కూర్చుంది.

"ఏమైనా మర్చిపోయారా అమ్మా?"

నోరు తెరిచింది. రాణి గొంతులో ఆ మాట పలకలేదు. ఆ గొంతుకి లేదు అనడం ఎన్నడూ నేర్పలేదు మరి. రాణిగారు శాలువా తీసి ఒళ్ళో పెట్టుకుంది. కళ్ళజోడు తీసేసింది. భుజాలు వదిలేసింది. మెడ దానంతటదే దిగింది.

"రోజు విడిచి రోజు వేసుకుంటున్నాను బాబూ."

డాక్టరు మొహంలో రంగు మారింది. ఆవిడ మొహం కేసి చూశాడు, ఒళ్ళోని శాలువా కేసి చూశాడు, మళ్ళీ మొహం కేసి చూశాడు.

"మీరు... ఆ గదిలో..."

"అవును."

"అది స్క్రిప్టు అనుకున్నానమ్మా."

"స్క్రిప్టులో లేదు. మేడమ్ కూడా అన్నారు కదా, నేను రాయలేదని."

"మీరు అప్పుడే చెప్పారు," అన్నాడు. "నా మొహం మీదే చెప్పారు. నేను చెమట తుడుచుకుని, ఇంటికెళ్ళి, బాగా చేశానని మా ఆవిడకి చెప్పుకున్నాను."

"బాగానే చేశారు బాబూ. మనస్ఫూర్తిగా చెబుతున్నా. అందరికంటే మీరే బాగా చేశారు."

అతనికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆవిడ చేతిలో కాగితం తీసుకుని చింపేశాడు. లేచి తలుపు దగ్గరికెళ్ళి, కాసేపు ఎవరినీ పంపొద్దని బయటివాళ్ళకి చెప్పి వచ్చాడు. ఈసారి బల్ల అవతల కూర్చోలేదు, కుర్చీ లాక్కుని ఆవిడ పక్కన కూర్చున్నాడు.

పాత మందు ఓడిపోయిందని ఇప్పుడే అనలేమన్నాడు. రోజూ వేసుకుంటే మళ్ళీ దారికి రావచ్చు, రాకపోవచ్చు, కొన్నాళ్ళు వేసుకుని పరీక్ష చేస్తే గాని తెలియదన్నాడు. ఆగి, ఇంకో మాట చెప్పాడు. అదే మందు వేరే కంపెనీవాళ్ళు కూడా చేస్తారట. ఈ ఆస్పత్రి షాపులోనే ఉంటుందట, ధర పాతదాంట్లో నాలుగో వంతు కూడా ఉండదట. అడిగినవాళ్ళకి రాసిస్తారట.

"ఎప్పటినుంచి ఉంది?" అని అడిగింది రాణిగారు.

అతను తల దించుకున్నాడు. "మీరు రావడం మొదలుపెట్టినప్పటినుంచీ ఉందమ్మా."

రాణిగారికి ఏడుపు రాలేదు, ముందు కోపం వచ్చింది. ఎంత తేలిక! ఒక్క మాట. ఇతను అడిగి ఉంటే అయిపోయేది, తను చెప్పి ఉంటే అయిపోయేది. ఇద్దరికీ మాటలు బాగానే వచ్చు, ఒకడిది రైలుబండి, ఒకతెది రంగస్థలం. మధ్యలో కావలసిన మాట ఒక్కటీ దొర్లలేదు. ఎన్ని రోజులు ఆ మాత్రని చేతిలో పట్టుకుని, ఇవాళ కాదులే అని మళ్ళీ సీసాలో వేసిందో! ఆ తరవాత ఏడుపు వచ్చింది. వేదిక మీద ఏడ్చే ఏడుపు కాదు, ముక్కు కారే ఏడుపు. డాక్టరు తన రుమాలు ఇచ్చాడు.

"చిన్న వైద్యం ఇస్తారనుకున్నాను బాబూ," అంది ముక్కు తుడుచుకుని. అతనికి అర్థం కాలేదు. ఆవిడ కంపెనీ మేనేజరు సంగతి చెప్పింది. అతను మొత్తం విన్నాడు.

"ఇక్కడ అలా జరగదమ్మా," అన్నాడు చివరికి. "అందరికీ ఒకటే వేషం. సరే, ఇక మాత్ర ఒక్కరోజు కూడా తప్పకూడదు. మీ కోడలికి అప్పజెప్పండి. రోజూ ఆవిడే చేతిలో పెట్టాలి. ఒకసారి ఆవిడని ఇక్కడికి తీసుకురండి, నేను మాట్లాడతాను."

రాణిగారు అతని కేసి చూసింది. పాపం, జాగ్రత్తగా చెబుతున్నాడు. ఆ రోజు నిజాన్ని నాటకమనుకున్నాడు కదా, ఇవాళ మళ్ళీ ఆ తప్పు చేయకూడదని ఆ గదిలో విన్నదంతా నిజమని నమ్మేశాడు.

"కోడలు లేదు బాబూ."

"ఊరెళ్ళిందా?"

"అసలే లేదు. కొడుకూ లేడు. వాళ్ళంతా వేషంలోవాళ్ళు."

"మరి ఆ చిన్నపిల్ల?" అన్నాడు డాక్టరు. అతని గొంతు మారింది. "చెప్పులు..."

"అదీ అంతే."

అతను కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నాడు. "ఆ ట్రైనింగ్ పని మీరు మానేయాలమ్మా," అన్నాడు తరవాత. "మీ సంగతి నేను ఎవరికీ చెప్పను, చెప్పకూడదు కూడా. కానీ డాక్టరుగా అడుగుతున్నా. రోజంతా అదే బాధ మళ్ళీ మళ్ళీ పడడం మంచిది కాదు. డబ్బు గురించి భయపడొద్దు, ఈ మందుకి అంత అవసరం ఉండదు."

"డబ్బు గురించి కాదు," అంది రాణిగారు.

"మరి?"

ఆవిడ శాలువా అంచు సరిచేసుకుంటూ కూర్చుంది. అతను తొందరపెట్టలేదు. కాసేపటికి, అతనికి ఎవరూ నేర్పని ప్రశ్న ఒకటి అడిగాడు.

"ఇంటికెళ్ళాక మీరు ఎవరితో మాట్లాడతారమ్మా?"

"మంగళవారం మంగళవారం మీలాంటి డాక్టర్లు వచ్చేవారు బాబూ," అంది రాణిగారు. "వాళ్ళతోనే మాట్లాడేదాన్ని."

బయట వరండాలో ఎవరిదో పేరు పిలిచారు, మళ్ళీ పిలిచారు. ఆవిడ లేవలేదు. డాక్టరు కూడా ఆవిడని లెమ్మనలేదు.